తోడికోడలి ఫోటో

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా... మగవాళ్ళు విన్నా తప్పులేదు గానీ, ఇది మనం ఆడవాళ్ళం సిగ్గుపడి చేతులారా తెచ్చుకున్న కష్టం!

ఒకనాడు ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదు. తల్లికి పట్టుబట్టి పరీక్ష చేయించి, ఆసుపత్రి నుంచి తీసుకొస్తూనే కూతురు రెండు ఫోటోలు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. రెండూ రొమ్ము లోపలి ఫోటోలే, రెండింటి మీదా తల్లి పేరే. రెండేళ్ళ కిందటిది అక్కడక్కడ తెల్లచారలతో నల్లగా ఉంది. ఇవాళ తీసినదేమో మంచు కమ్మినట్టు తెల్లగా...

"డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా అమ్మా! లోపల కొవ్వు ఎక్కువుంటే నల్లగా, పాలగ్రంథులూ వాటి చుట్టూ ఉన్న పొరలూ దట్టంగా ఉంటే తెల్లగా పడుతుందట. వయసు పెరుగుతుంటే ఆ తెలుపు తగ్గాలి గానీ ఇంతలా పెరగదట! 'ఇవి రెండూ ఒకే మనిషివేనా' అని ఆవిడ అడిగితే నువ్వు తల దించుకున్నావు. ఈ పాతది ఎవరిదే?"

తల్లి ఆ ఇంటి చిన్నకోడలు; పెద్ద లాండ్రీలో దుప్పట్లు వేడి యంత్రంలో పెట్టి నొక్కుతుంది. చేతులు ఎంత చురుకో, సిగ్గు అంతకు రెండింతలు! కట్టుకున్న మొగుడి ముందే దీపం ఆర్పందే రవికె విప్పని మనిషి. రెండేళ్ళ కిందట లాండ్రీకి పరీక్షల వ్యాను వచ్చిందనీ, రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి ఫోటో తీస్తారనీ వినగానే ఆమె గుండె జారిపోయింది. ఇంటికొచ్చి తోడికోడలి చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ పెద్దకోడలికి కాదనడం చేతకాదు. చిన్నకోడలి లాండ్రీ కార్డు మెళ్ళో వేసుకుని వెళ్ళి వ్యానెక్కింది. ఏ లోపమూ లేదని కాగితం వచ్చిన రోజున ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నారు...

"అది నాదే తల్లీ..." గుమ్మంలో నిలబడిన పెద్దకోడలు లోపలికి వచ్చింది.

"పెద్దమ్మా! నువ్వా?"

"దుప్పటి నలిగినట్టు కాసేపు నలుగుతాను, అంతేగా అనుకున్నాను. మేలు చేశానని మురిసిపోయాను కూడా! నా ఒళ్ళు చూపించి మీ అమ్మను ధీమాగా తిరగనిచ్చాను..."

"అక్కను ఏమీ అనకే!" తల్లి వెక్కుతూ అంది. "బతిమాలింది నేను. చేత్తో తడుముకుంటూనే ఉన్నాను, గడ్డేమీ తగల్లేదు..."

"అన్నీ చేతికి తగిలితే ఫోటోలెందుకమ్మా! ఎంత దట్టంగా ఉందో పైకి తెలియదు. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది, ఆ తెలుపులో కలిసిపోతుంది. అలాంటివాళ్ళకు క్యాన్సర్ జబ్బు వచ్చే అవకాశమూ కాస్త ఎక్కువట. అప్పుడే తెలిసుంటే స్కానింగ్ కూడా చేయించేవాళ్ళం కదా!"

మర్నాడు ముగ్గురూ స్కానింగ్‌కి వెళ్ళారు. అక్కడి నర్సు పాత ఫోటో అడిగింది. కూతురు నోరు తెరవబోతే తల్లి ఆపింది. బల్లల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ వింటుండగా, "అది నాది కాదమ్మా... సిగ్గుపడి మా అక్కను పంపాను" అంది. ఆ ఒక్క మాటకు ఆమె చెవుల దాకా కందిపోయింది! ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. అయినా తనే నడిచి లోపలికి వెళ్ళింది.

ఆ తెలుపు వెనక శనగగింజంత గడ్డ దాక్కుని ఉంది. సూదితో ముక్క తీసి చూశారు... ఆ జబ్బే! ఆపరేషన్ అయింది, మందులు నడిచాయి. మనిషి దక్కింది తల్లుల్లారా, దక్కింది!

కానీ పెద్దకోడలు ఒకనాడు ఆగలేక డాక్టరమ్మను అడిగేసింది. "ఆ గింజ రెండేళ్ళ కిందట కూడా ఉందా అమ్మా?"

"ఎలా చెప్పను? అప్పటి ఫోటో ఆవిడది కాదుగా."

ఆ మాటతో పెద్దకోడలు మొహం కొంగులో దాచుకుంది. చిన్నకోడలు ఆ కొంగు మెల్లగా లాగింది. "ఇలా చూడక్కా... ఉందో లేదో మనకిక ఎప్పటికీ తెలియదు. ఆ తప్పు బరువు ఇద్దరం చెరిసగం మోద్దాం. నువ్వు మాత్రం మొహం చాటెయ్యకు, నాకు భయమేస్తుంది."

ఇద్దరూ అలా మోస్తూనే ఉన్నారు. ఇది గుర్తుంచుకోండమ్మా. మీ తోడికోడళ్ళకూ ఆడబిడ్డలకూ చెప్పండి. చెప్పేటప్పుడు గడ్డ తీసేశారన్నది ఒక్కటే చెప్పి ఊరుకోకండి... ఆ చిన్నకోడలు అందరిలో సిగ్గు చంపుకుని నిజం ఒప్పుకున్నదీ చెప్పండి.