మూడు పచ్చ దీపాలు

"కట్టుడు పళ్లకు మెరుగు పెట్టేది ఇక్కడేనా అన్నా?"

పెంచలకృష్ణ తలెత్తి చూశాడు. వానలో సగం తడిసిన అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. నూనె మరకల నీలం చొక్కా, చేతిలో చిన్న స్టీలు డబ్బా. నెల్లూరు ట్రంకు రోడ్డు వెనక సందులో ఉన్న అతని డెంటల్ ల్యాబుకి వచ్చేది పళ్ల డాక్టర్ల కాంపౌండర్లే, ఇంత చక్కటి మనుషులు ఎప్పుడూ రాలేదు.

"ఇక్కడే. ఎవరికండీ, మీ అవ్వకా?"

"విమానానికి."

అతను పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. లోపల దూది మీద చొక్కా గుండీలంత ప్లాస్టిక్ బిళ్లలు. పచ్చవేవో, ఎర్రవేవో పట్టిపట్టి చూస్తే గానీ తెలియడం లేదు. కంట్లో పొర కమ్మినట్టు అన్నీ తెల్లగా మసకబారిపోయాయి.

ఆమె పేరు స్వర్ణ. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే నరసయ్య కూతురు. చెన్నైలో విమానాల మెయింటెనెన్స్ చదివి, వెంకటాచలం దాటాక తూర్పున ఉన్న ఒక ఫ్లయింగ్ స్కూల్లో పనిచేస్తోంది. అక్కడి నాలుగు సీట్ల పాత విమానంలో, పైలట్ ముందుండే ఇండికేటర్ లైట్ల లెన్సులట అవి.

"చక్రాలు మూడూ సరిగ్గా దిగితే మూడు పచ్చ లైట్లు వెలగాల. ఎండ పడితే అవి వెలిగినాయో లేదో మా కెప్టెన్‌కి కనపడటంల్యా. కొత్తవి తెద్దామంటే కంపెనీ చేసేది మానేసింది. మీ చేతిలో ప్లాస్టిక్ అద్దం మాదిరి అవుతుందని చెప్పినాడు."

"ఎవరు?"

"కెప్టెన్ జ్ఞానప్రకాశం గారు. ఆయన నోట్లో ఉండేవి మీరు చేసిన పళ్లే."

పెంచలకృష్ణ ఛాతీ ఒక్క అంగుళం పెరిగింది. "ఓస్, ఇంతేనా!" అని ఆమె అందించిన పచ్చ బిళ్లను పాలిష్ మోటారుకి ఆనించాడు. చూపు మాత్రం ఆమె మీదే ఉంది. గుప్పున కాలిన వాసన వచ్చింది. బిళ్ల అంచు మైనంలా కరిగి వంకర పోయింది.

"ఏందబ్బా ఇది! పళ్లు కూడా ఇట్నే కరిగిస్తారా?"

సంజాయిషీ చెప్పేలోపే ఆమె డబ్బా మూసుకుని వానలోకి వెళ్లిపోయింది.

మర్నాడు అతను ల్యాబుకి తాళం వేసి బండి మీద ఫ్లయింగ్ స్కూల్‌కి వెళ్లాడు. రేకుల షెడ్డు మీద వాన దరువేస్తోంది. స్వర్ణ విమానం రెక్క కింద కూర్చుని ఏదో బిగిస్తోంది.

"మళ్లీ ఎందుకొచ్చినారు అన్నా?"

"ముందు ఆ అన్నా అనబాకండి. మోటారు వేడికి కరిగింది, తప్పు నాదే. ఈసారి చేత్తోనే, నీళ్లలో ముంచి సన్నటి సాండ్‌పేపర్‌తో రుద్దుతా. ఆ బిళ్ల పోయినందుకు రాత్రి అన్నం దిగలా."

స్వర్ణ పెదవి బిగబట్టింది కానీ నవ్వు ఆగలేదు. "అది పాత సామాన్లలో దొరికింది లెండి. తెలియని చేతికి అసలుది ఇస్తానా?"

"మరి నిన్న అంత కోపం?"

"కోపం మాత్రం అసలుదే. పనిచేసేటప్పుడు పని మీద చూపుండాల."

చెరో స్టూలు వేసుకుని, మధ్యలో నీళ్ల గిన్నె పెట్టుకుని కూర్చున్నారు. అతను రుద్దాడు. ఆమె కడిగి, వెలుతురుకి పెట్టి, "ఇంకా రవ్వంత" అంది. మళ్లీ రుద్దాడు. చివర్న పేస్టు అద్ది మెత్తటి గుడ్డతో తుడిచేసరికి, ఆ తెల్లటి పొర కింద నుంచి నారుమడి పచ్చ బయటపడింది.

ఆ వారమంతా వాన కురుస్తూనే ఉంది. ఆగకూడదని పెంచలకృష్ణ మొక్కుకున్నాడు కూడా.

లెన్సులన్నీ బిగించాక స్వర్ణ అతన్ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టింది. "చేతులు ఒళ్లో పెట్టుకో. దేన్నీ తాకబాక," అని స్విచ్ వేసింది. మబ్బు చీకట్లో పచ్చ, ఎరుపు, పసుపు దీపాలు ఒక్కసారి కళ్లు తెరిచాయి. వాటి కాంతి ఆమె చెంప మీద పడింది. గుళ్లో హారతి వేళ నిలబడ్డట్టు అతని ఒళ్లు జలదరించింది. తన చేతులు రుద్దింది దీన్నేనా అని నమ్మబుద్ధి కాలేదు.

వానలు తగ్గాక, ఒక ఉదయం కెప్టెన్ స్వర్ణకు పురమాయించాడు. "మా పళ్ల డాక్టర్ని కూడా ఎక్కించు అమ్మాయ్!"

స్వర్ణ ముందు సీట్లో కెప్టెన్ పక్కన కూర్చుంది. పెంచలకృష్ణ వెనక. చెవులకు హెడ్‌ఫోన్లు, గుండెకు దడ. నేల వదిలిపోయింది. కొబ్బరి చెట్లు, రొయ్యల చెరువులు, ఆ తర్వాత పులికాట్. ఎన్నోసార్లు ఒడ్డున నిలబడి చూసిన నీళ్లే. ఇంత ఉన్నాయా! దూరంగా శ్రీహరికోట పచ్చటి గీతలా ఉంది, అటు వెళ్లడానికి లేదు. నీళ్ల మీద ఒక గులాబీ మరక కదిలింది, చీలింది, లేచింది. ఫ్లెమింగోలు! ఎగిరే పక్షుల వీపులు చూడటం అతనికి అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"స్వర్ణా," మాట దానంతటదే వచ్చేసింది, "ఇంత అందాన్ని ఒక్కణ్ణే చూడటం నావల్ల కాదు. ఎప్పటికీ నాతో ఉంటావా?"

హెడ్‌ఫోన్లు గరగరమన్నాయి. "బాబూ, ఈ లైన్లో నేను కూడా ఉండా," అన్నాడు కెప్టెన్.

స్వర్ణ వెనక్కి తిరగలేదు. కిటికీలోంచి సముద్రం చూస్తూ ఉండిపోయింది.

తిరిగి వచ్చి చక్రాలు దింపినప్పుడు రెండు పచ్చ దీపాలే వెలిగాయి. ఎడమది వెలగలేదు. మసకగా ఉన్న రోజుల్లో అయితే ఎండ మీదకు నెట్టేవాళ్లే. ఇప్పుడు అనుమానానికి చోటు లేదు. కెప్టెన్ విమానాన్ని మళ్లీ పైకెత్తాడు.

స్వర్ణ వెలుగుతున్న కుడి దీపాన్ని బల్బుతో సహా ఊడబెరికి ఎడమ గూట్లో నొక్కింది. నిండు ఎండలో అది పచ్చగా భగ్గుమంది.

"చక్రం దిగే ఉంది సార్. పోయింది బల్బే."

ఆ వేళ్లలో ఒక్కటి కూడా వణకలేదు. సరస్సునీ, సముద్రాన్నీ చూసినప్పటికన్నా ఎక్కువగా, ఆ చేతిని చూస్తూ పెంచలకృష్ణ ఊపిరి మరిచిపోయాడు.

నేల తాకారు. ఇంజిన్ ఆగింది. విమానానికి ఉన్నది ఒక్కటే తలుపు. స్వర్ణ ముందుగా రెక్క మీదికి దిగి, లోపలికి వంగింది.

"మా నాయన పొద్దున్నే వేట నుంచి వస్తాడు. ఆదివారం ఒడ్డుకి రా. వల లాగేదానికి ఒక చేయి వేస్తే ఆయన మనసు మెత్తబడుతుంది."

"అంటే... నువ్వు నాకేమీ చెప్పలేదే?"

"ఊరికే ఎవర్నైనా మా నాయన కాడికి రమ్మంటానా?" అని, ముఖం చేత్తో కప్పుకుని గబగబా దిగిపోయింది.

పెంచలకృష్ణ తలుపులోనే నిలబడిపోయాడు. కాళ్లు రెక్క మీద ఉన్నాయో మబ్బు మీద ఉన్నాయో తెలియడం లేదు.

వెనక నుంచి కెప్టెన్ అతని వీపు మీద తట్టాడు. "అబ్బాయ్, ఆమె ఒప్పుకుంది. ఇంక దారిస్తే నేను కూడా దిగుతా."