ఓబుళమ్మ అదును

వాన పడి మూడో రోజు. నలభై రెండు ఊళ్ల నేలలో దిగేసిన సెన్సర్లన్నీ విత్తనానికి పదును సరిపోయిందనే చెబుతున్నాయి. అయినా కంట్రోల్ రూమ్ గోడమీద విత్తమని చెప్పే పచ్చలైటు వెలగలేదు. డాక్టర్ హిమజ మూడోసారి ప్రోగ్రామ్ నడిపి చూసింది. స్క్రీన్ మీద అదే మాట: ‘ఆగండి.’

ఆగమన్న ఈ ‘అదును’ యంత్రం సంగతి కాస్త చెప్పాలి. వేరుశనగ ఏ రోజు విత్తాలో ఎర్రవంక ఓబుళమ్మకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పిడికెడు మట్టి నలిపి రోజు చెప్పేది, అది తప్పేది కాదు. హిమజ అయిదేళ్లపాటు ఆమె పొలంలో కెమెరాలు పెట్టి, చేతికి బ్యాండు కట్టి, ఆమె చేసే ప్రతి పనీ కంప్యూటర్‌కు నేర్పింది. ఇప్పుడు ఓబుళమ్మ తెలివి ప్రతి రైతు ఫోన్‌లోనూ ఉంది. దాని మాట కాదని విత్తినవాడికి పంట బీమా లేదు. ఓబుళమ్మది పరీక్ష పొలం కాబట్టి ఆమెకొక్కదానికే ఆ షరతు లేదు.

హిమజ జీపులో ఎర్రవంకకు వెళ్లింది. ఓబుళమ్మ గట్టుమీద కూర్చుని మట్టి నలుపుతోంది.

“ఇంగెన్నాళ్లు కాసుకోనుండల్ల మేడమ్? పదును పోతాండాది.”

“అయిదేళ్లూ మీరు చెప్పిన రోజున మీరు విత్తలేదు, మర్నాడు విత్తారు. ఎందుకు?”

ఓబుళమ్మ వింతగా చూసింది. “మొగుడు లేనిదాన్ని. ముందు నేనెట్ల ఇత్తుతా? రోజు నేను చెప్తా, పక్క చేను సుంకన్న గొర్రు కట్టి ముందు ఇత్తుతాడు. మర్నాడు నేను ఇత్తుతా. ఇది గూడా తెల్దా?”

హిమజకు విషయం అర్థమైంది. వ్యవసాయంతోపాటు ఆచారాన్నీ యంత్రం నేర్చేసుకుంది. ఎక్కడో ఒక పొలంలో విత్తనం పడితే తప్ప అది విత్తమనదు. నిరుటిదాకా ఇందులో చేరని రైతు ఎవడో ఒకడు ముందు విత్తేవాడు. ఈ ఏడు అందరూ చేరిపోయారు. అందరూ పక్కవాడి పొలం వంక చూస్తూ కూర్చున్నారు.

ప్రోగ్రామ్ మార్చడానికి వారం పడుతుందని పై ఆఫీసు చెప్పింది. ముందు విత్తమని సుంకన్నను బతిమాలితే, “బీమా పోతే నాకు దిక్కెవురు మేడమ్?” అని లోపలికి వెళ్లిపోయాడు.

అయిదో రోజు మధ్యాహ్నం, ఇక చూడలేక ఓబుళమ్మే చేత్తో విత్తనం వేసింది. ఊరంతా గట్లమీద నిలబడి చూసింది. ఒక్కరూ సాయం దిగలేదు. ఆమె ఆగలేదు. మూడో సాలు ముగిసేసరికి నలభై రెండు ఊళ్లలో ఫోన్లు మోగాయి: ‘విత్తండి.’

అందరూ విత్తారు. అప్పటికే పదును సగం ఆరిపోయింది. ఆ తర్వాత నెల రోజులు చినుకు లేదు. మొలకలు మాడిపోయాయి.

యంత్రాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. “ఫోను సరిగ్గానే చెప్పింది. ముందు పడిన చెయ్యి మంచిది కాదు,” అన్నాడు సుంకన్న. నష్టం నమోదు చేసే యాప్‌లో ‘కారణం’ అన్న చోట వేలమంది అదే చెప్పారు. ఆలస్యమే కారణమని హిమజ ఇల్లిల్లూ తిరిగి చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. బోరింగు దగ్గర ఓబుళమ్మ బిందె పెడితే మిగతావాళ్లు పక్కకు జరిగారు.

మరుసటేడు కొత్త ప్రోగ్రామ్ వచ్చింది. పంట నష్టాలు, రైతుల మాటలు అన్నీ చదువుకుని తన తప్పు తానే దిద్దుకునే రకం. వాన పడిన రెండో రోజే పచ్చలైటు వెలిగింది. హిమజ సంతోషంతో ఎర్రవంకకు పరుగెత్తింది.

ఓబుళమ్మ తన ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. “చదువు మేడమ్. నాకు కండ్లు ఆనవు.”

స్క్రీన్ మీద ఇలా ఉంది: ‘నేల అనుకూలం. మీరు మాత్రం ఆగండి. ముందు మరొకరు విత్తాలి.’

హిమజ ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టేసింది.

“ఆగమనేనా?” అంది ఓబుళమ్మ.