వాసన లేని గాలి

నార్సింగిలో మా గల్లీ వెనుక కొత్త టవర్లకు గ్యాసు పైపు వేస్తున్నరు. నా కొడుకు రవీందర్‌ది ఆ పనే. సాయంత్రం వాడికి చాయ్ పట్టుకపోయేదాన్ని.

ఒకనాడు అడిగిన. "గ్యాసు ఇడిస్తే అయిపాయె. గిన్ని సిలిండర్లు ఎందుకురా?"

"పైపు నిండ గాలి ఉంటదే అమ్మా. గ్యాసు దాంతోని కలిస్తే నిప్పురవ్వకే పేలుతది. అందుకే ముందుగాల నైట్రోజన్ పంపి గాలిని తోసేస్తం. అది మండదు, వాసన రాదు."

"వాసన రానిది మంచిదే గద?"

వాడు నవ్వలేదు. "అది నిండిన గుంతల దిగితే రెండు ఊపిర్లకే పడిపోతరు."

నెల కింద వాళ్ల జట్టులోని చెన్నకేశవులు అట్లనే వాల్వు గుంతలో పడ్డడు. చెయ్యి పైకి చాపిండట. పంకాతో మంచి గాలి కొట్టేదాకా ఎవరూ దిగొద్దని వాళ్ల పనిలో కట్టుబాటు. రవీందర్ అంచున నిలబడ్డడు. దిగలేదు. ఆ చెయ్యి మెల్లగ వాలిపోయింది.

మళ్లీ గాలి తోసేనాడు మబ్బు పట్టింది. పొద్దుండగనే చీకటి. తడి సిమెంటు వాసన. సగం కొరికిన వక్కను కొంగున ముడేసుకొని, చాయ్ సీసాతో వల కంచె కాడికి పోయిన. ఆ వాల్వు గుంతలోని పైపు చివర నుంచి గాలి బుస్సుమని వస్తుంది. రవీందర్ పైన, నాకు వీపు చేసి నిలబడ్డడు.

బుస ఆగింది. ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు...

"రవీ... జర చెయ్యియ్యి..."

అది చెన్నకేశవులు గొంతే. వాడు వెనక్కి జరిగిండు. "గాలి సప్పుడేరా, పరేషాన్ గాకు," అన్నడు మేస్త్రీ నరేందర్.

కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత...

"చిన్నూ... కాలు జారింది బిడ్డా..."

అది నా గొంతు. వాడిని అట్ల నేను తప్ప ఎవరూ పిలవరు.

"చిన్నూ! నేను ఈడున్న!" అని అరిచిన.

వాడు తిరిగి నన్ను చూసిండు. కండ్లల్లోకి చూసిండు. గుంతలోంచి మెల్లగ వచ్చింది మాట.

"అది నేను కాదు బిడ్డా..."

వాడు దుంకిండు.

సీసా పడేసి ఉరికిన. నరేందర్ నన్ను గట్టిగ పట్టుకున్నడు. "వద్దు పెద్దమ్మా. కట్టుబాటు ఉంది. పంకా వెయ్యాలె." కింద వాడి చెయ్యి పైకి లేచింది. పంకా తిరుగుతుంది. నేను అంచున నిలబడి చూసిన. ఆ చెయ్యి మెల్లగ వాలిపోయింది.

పైకి తెచ్చినంక వాడి పిడికిలి విప్పిన. లోపల చినిగిన చీర కొంగు, నా చీరదే. కొసన ముడి. విప్పితే సగం కొరికిన వక్క. నా పంటి గాటే.

నా కొంగు చూసుకున్న. ఎక్కడా చినగలేదు. ముడి కూడా అట్లనే ఉంది.

ఆ చీర ఇంకా ఉతకలేదు. నా కొంగు ముడి విప్పలేదు. చేత్తో ముట్టుకుంటే లోపల ఏదో... వెచ్చగ ఉంది.