తప్పుల మీటరు

"సున్నానా?"

మయూరి నిర్ఘాంతపోయింది. మీటరును అరచేత్తో కొట్టి మళ్లీ చూసింది. విక్కీ తప్పులు సున్నా. తనవి పద్నాలుగు!

తప్పుల్లేకపోతే ఎవరైనా సంతోషిస్తారు. మయూరికి మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పాలంటే ముందు కోతుల సంగతి చెప్పాలి.

ఆమె పనిచేసే ల్యాబ్‌లో మార్మొసెట్లనే పిడికెడంత కోతులున్నాయి. పిల్లల్ని కూడా వంతులేసుకుని మోసే మంచి జాతి. అలాంటి కోతి పక్కదాని పనిని కూడా మనసులో పెట్టుకుంటుందా? అది తేల్చడానికే కామాటిపుర ఆరో గల్లీలోని విక్కీ వర్క్‌షాప్‌లో ఈ డబ్బా తయారైంది. రెండు సీట్లు, రెండు బటన్లు. ఎర్ర లైటుకు ఎడమవాళ్లు నొక్కాలి, పచ్చ లైటుకు కుడివాళ్లు. పక్కవాళ్ల లైటుకు మన చెయ్యి పోయిందంటే, వాళ్ల పని మన బుర్రలో తిరుగుతున్నట్టే.

రేపు కోతుల ముందు పెట్టాలి. అందుకే ఇవాళ మనుషులతో చివరి పరీక్ష. కుడి సీట్లో విక్కీ తమ్ముడు రాకేష్ కూర్చుంటే మయూరి ఒక్క తప్పూ చేయలేదు. విక్కీ వచ్చి కూర్చున్నాడో లేదో, పచ్చ లైటు వెలిగినప్పుడల్లా ఆమె చెయ్యి ఎగిరింది.

రెండు నెలలుగా తను ఏదో నెపంతో రోజూ వస్తోంది. ఈ మహానుభావుడికి చీమ కుట్టినట్టయినా లేదన్నమాట!

"డబ్బా టెంపోల పంపియ్యి," అంది బ్యాగు భుజాన వేసుకుంటూ. "నేను మళ్ల రాను."

"అరె, ఏమైంది మయూరీ? తప్పుల్లేవంటే మంచిదే గద!"

"మంచిదే! రాయి లెక్క కూసున్నవ్ మరి!"

మూలన కూర్చొని వక్కలు కత్తిరిస్తున్న విక్కీ నాయనమ్మ ముత్తమ్మ తలెత్తింది. "తప్పులెందుకు లేవురా? నేను చూస్తనే ఉన్న. గీ పిల్ల లైటు వెలిగినప్పుడల్లా నీ చెయ్యే ముందు పోతుండె."

గడప దగ్గర మయూరి ఆగిపోయింది.

విక్కీ తల దించుకున్నాడు. డబ్బా అడుగున చెయ్యి పెట్టి, తెగిన వైరొకటి బయటికి లాగాడు.

"నిన్న ట్రయల్ అయి నువ్వు మీటరు చూడకుండనే పోయినంక నేను చూస్తే నా మీటరు ముప్పై ఒకటి చూపెట్టింది. రాకేష్‌తోని సున్న, నీతోని ముప్పై ఒకటి! ఎంత వెతికినా ఫాల్ట్ దొరకలే. ఖరాబ్ మాల్ ఈ గడప దాటొద్దని తాత మాట. నీ ముందర ఇజ్జత్ పోతదని నా మీటరు వైరు కట్ చేసిన."

"వైరు కట్ చేసినవా? రేపు కోతులు..." అంటుండగానే మయూరికి లెక్క తలకెక్కింది. ముప్పై ఒకటి. తనకు రెట్టింపు కన్నా ఎక్కువ! గడప నుంచి వెనక్కొచ్చి స్టూలు మీద కూలబడింది.

"అయితే డబ్బా ఖరాబ్ కాలేదా?" విక్కీ భయంగా అడిగాడు.

"డబ్బా మంచిగనే ఉన్నది. నువ్వే ఖరాబైనవ్."

విక్కీకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక నోరు తెరిచినవాడు మూయలేదు.

"అప్పట్ల మేం కూలిపనిల ఇటుకలు అందిచ్చేటప్పుడు గంతే," అంది ముత్తమ్మ. "మీ తాత చెయ్యి చాపకముందే నా చెయ్యి లేస్తుండె. గీ పిల్లనే తెచ్చుకోరా, నాకిష్టమే."

విక్కీ వైరు కలిపాడు. వచ్చి మయూరి పక్కన కూర్చున్నాడు.

"ఎన్ని తప్పులొచ్చినా ఇగ కట్ చెయ్య," అన్నాడు.

ఎర్ర లైటు వెలిగింది. మయూరి అతన్నే చూస్తూ నొక్కడం మరిచిపోయింది. విక్కీ మరవలేదు. అతని మీటరు మీద ఒకటి పడింది.