గాలి తగలని కత్తి

"మేడమ్, ఇవాళో రేపో నన్ను పట్టుకుపోతారు" అంటూ వచ్చి డిటెక్టివ్ ఎదుటి కుర్చీలో కూలబడింది ఆమె. అసిస్టెంటు మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

మూడు రోజుల క్రితం ఆమె మామగారు గొంతు తెగి చనిపోయాడు. పాతకాలపు మంగలికత్తులు సేకరించే మనిషి. కత్తి కాళ్ల దగ్గరే దొరికింది. చేతులు వణికే ఆయనకు రోజూ గడ్డం గీసేది ఈ కోడలే. భర్తను పోగొట్టుకున్న ఆమె పేరనే ఆయన ఇల్లు రాసిపెట్టాడు. ఇంకేం, అందరి వేళ్లూ ఆమెవైపే.

డిటెక్టివ్ ఆ ఇంటికి వెళ్లింది. కత్తుల అలమారాకు తలుపులు పీకేసి ఉన్నాయి. ఒక్కో కత్తినీ కాగితంలో చుట్టి విడివిడిగా పెట్టారు. ఒక చోటు మాత్రం ఖాళీ. అక్కడ పెద్దాయన చేతిరాతతో చీటీ: 'దీనికి జబ్బు. పక్కన ఏదీ పెట్టవద్దు.'

"ఇది ఎప్పట్నుంచి ఖాళీ?"

"నెల దాటింది మేడమ్. మామయ్య ఇల్లంతా వెతికించారు. దాని పిడి సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్, పాడైపోతోందట. చెమటలు పట్టి, ఘాటు ఆవిరి వదిలి, పక్కనున్న ఉక్కును కూడా తినేస్తుందట. మూతపెడితే మరీ ప్రమాదం అనేవారు."

శవం దగ్గర దొరికిందని ఇన్‌స్పెక్టర్ చూపించిన కత్తి అదే. జిగురు కారే పిడి, తుప్పు మచ్చల రేకు. అంచు మాత్రం కొత్తగా నూరినట్టు తళతళలాడుతోంది.

ముందు గదిలో పెద్దాయన పెద్దకొడుకు గడియారాలు బాగుచేస్తున్నాడు.

"మా నాన్నకి కత్తుల పిచ్చి, నాకు దుమ్ము పిచ్చి" అన్నాడు నవ్వుతూ. "నా పనిముట్లుండే డబ్బా మూత చీమక్కూడా సందివ్వదు. తాళంచెవి మెడలోంచి తియ్యను."

"మరి మీ చేతిలోని పట్టకారుకి తుప్పేంటండీ?"

"ఈ వానలకి ఏది మిగుల్తుంది మేడమ్!"

డిటెక్టివ్ బల్ల మీదున్న అతని భార్య బట్టలు కత్తిరించే కత్తెరను రెండుసార్లు చూసింది. అద్దంలా మెరుస్తోంది. ఆవిడ ఊరికే ఏదీ రెండుసార్లు చూడదని అసిస్టెంటుకు తెలుసు. ఎందుకు చూసిందో మాత్రం తెలియలేదు.

సాయంత్రం అందరినీ ఆ గదిలోకే పిలిచింది.

"ఒకే గది, ఒకే వాన. కత్తెరని వదిలేసి పట్టకారునే తిన్న తుప్పు వానది కాదు. ఇన్‌స్పెక్టర్‌గారూ, ఆ డబ్బా తెరిపించండి."

మూత లేవగానే గుప్పున ఘాటు వాసన. ఇత్తడి చక్రాలన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

"కత్తి నెలరోజులు ఇందులోనే ఉంది. దుమ్ము పడకూడదని గడియారాలవాడు మూత బిగిస్తాడు. గాలి ఆడాలని పెద్దాయన తలుపులే పీకేశాడు. తండ్రి చెప్పింది చిన్నకోడలు వింది. కొడుకు వినలేదు. నేరం ఆమె మీద పడితే ఇల్లు తనదే అనుకున్నాడు."

"నిన్నగాక మొన్నొచ్చిన దానికి ఇల్లు రాస్తాడా?" అన్నాడతను పళ్లు బిగించి.

అతని భార్య బల్ల దగ్గరికి వెళ్లింది. కత్తెర తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

అతన్ని తీసుకుపోయాక కోడలు అలమారా దగ్గర నిలబడింది. ఖాళీ చోట చీటీ అలాగే ఉంది: 'దీనికి జబ్బు. పక్కన ఏదీ పెట్టవద్దు.'

పారేద్దామని తీసి, చదివి, మళ్లీ అక్కడే పెట్టింది.