డీఎంఎస్ అంటే ఏది సారూ?

"ఈ బోర్డు రాసిన మహానుభావులు ఎవరు?" అంటూ షిఫ్ట్ కెమిస్ట్ నరసరాజు ఆఫీసు తలుపు తోసుకొని వచ్చాడు.

కౌసల్య తలెత్తింది. తెలుగు ఎమ్మే చదివి, పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో జాగ్రత్తల కాగితాలను తెలుగులోకి మార్చే పనిలో చేరి వారమైంది.

"నేనే. ఏమైంది?"

"'డీసీఎంను ఎండలో ఉంచరాదు' అని గేటు కాడ పెట్టిండ్రు. డ్రైవర్లు లారీలన్నీ తెచ్చి క్యాంటీన్ నీడల పెట్టిండ్రు! లోపలికి పోనీకి తొవ్వ లేదు. పొద్దటి సంది నాకు చాయ్ లేదు."

"డీసీఎం అంటే లారీయే కదా?"

"డైక్లోరోమీథేన్! డ్రమ్ముల్ల వస్తది. ఎండ తగిలితే ఆవిరైతది."

"గా పేరు కాగితంల రాస్తే మీ సొమ్మేం పోతది? మూడక్షరాలు పడేసి నన్ను జోస్యం చెప్పమంటరా?"

నరసరాజుకు నవ్వు వచ్చింది.

మర్నాటి నుంచి డ్యూటీ అయిపోగానే ఆమె బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. "ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలా, ఐసోఫ్తాలిక్ యాసిడా?" అని ఆమె అడిగేది. ఒక్క మాటలో అయ్యే జవాబును అతను చీకటి పడేదాకా సాగదీసేవాడు. ఆమె కూడా తక్కువేం కాదు, అవసరం లేని అక్షరాలు సైతం వెతికి మరీ అడిగేది.

వానాకాలంలో కొత్త సరుకు వచ్చింది. దాని కాగితం మీద డీఎంఎస్ అని మాత్రమే ఉంది.

"డైమీథైల్ సల్ఫైడ్," అన్నాడు నరసరాజు, కాగితం వైపు చూడకుండా ఆమెనే చూస్తూ. "కుళ్లిన క్యాబేజీ కంపు. కంపు రాంగనే బయటికి ఉరకమని రాయండి."

ఆమె చదువుతూ ఆగింది. "ఇందుల కంపు ముచ్చటే లేదు. పీల్చినా వెంటనే తెల్వదట, కొన్ని గంటలకు ఊపిరితిత్తులు దెబ్బతింటయట. మీరు చెప్పేది గిదేనా?"

నరసరాజు మొహంలో నవ్వు పోయింది. గోదాముకు పరుగెత్తాడు. డ్రమ్ము మీద పూర్తి పేరుంది: డైమీథైల్ సల్ఫేట్. వాసనతో పసిగట్టలేని విషం. ఆ బోర్డే పెట్టి ఉంటే, ఎప్పటికీ రాని కంపు కోసం చూస్తూ మనుషులు దాన్ని పీల్చేవాళ్లు.

నేరుగా మేనేజర్ దగ్గరికెళ్లి తప్పు తనదేనని చెప్పాడు. ఇకమీద కాగితాల్లో పూర్తి పేర్లే ఉండాలని ఒప్పించి వచ్చాడు.

సాయంత్రం వాన. గేటు దగ్గర కంపెనీ బస్సు నిలబడి ఉంది.

"మేనేజర్ ఏమన్నడు?" అడిగింది కౌసల్య.

"గాడిద అన్నడు. తర్వాత ఇంకా పెద్ద జంతువుల పేర్లు పెట్టిండు."

"మంచిగనే పెట్టిండు. కాగితం చూడకుండ ఎట్ల చెప్పిండ్రు?"

"మిమ్మల్ని చూసుకుంట చెప్పిన."

"మనుషులు చచ్చేటోళ్లు!"

"ఎరుకే. ఇగ మీ ముందట కూసునే మొహం లేదనుకున్న. కానీ రాకుంట ఉండలేను." ఊపిరి తీసుకున్నాడు. "నన్ను పెళ్లి చేసుకుంటరా?"

బస్సు డ్రైవర్ యాదన్న హారన్ కొట్టి తల బయటపెట్టాడు. "ఎక్కుతరా, లేదా? జల్దీ చెప్పుండ్రి!"

కౌసల్య గొడుగు తెరిచింది. "నువ్వు పో యాదన్నా. మేం నడిచొస్తం."

బస్సు వెళ్లిపోయింది. ఆమె గొడుగును కాస్త నరసరాజు వైపు వంచింది.

"ఆదివారం మా ఊరు ఇస్మాయిల్‌ఖాన్‌పేట రా. గిదే మాట మా నాయనను అడుగు."

"తిడితే?"

"తిట్టనీ. తిట్టినంక అన్నం పెడతడు. తినిపో."