పొట్టి స్టడ్లు

నిన్న కురవాల్సిందంతా కురిసేసి, ఆ ఉదయం ఆకాశం పాలు తాగి మూతి తుడుచుకున్న పిల్లిలా ఉంది. వెతికినా ఒక్క మబ్బు లేదు.

వడ్రంగి మాత్రం తలెత్తి దాని వంక చూడలేదు. చూడటానికి మొహం చెల్లలేదు.

ఊరి ఫుట్‌బాల్ టీమ్ ఓడిన మర్నాడు అభిమానులు అతని షెడ్డులోనే చేరతారు. పని బల్ల మీద పనిముట్లే ఆటగాళ్ళు. సుత్తి గోల్‌కీపరు. దాని ముందు డిఫెన్సు నలుగురు: రంపం, బాడిస, జిగురు డబ్బా, ఎడమ చివర ఉలి. తేలిన సంగతి కాగితం మీద రాసి కోచ్‌కి పంపుతారు. ఖాళీ స్టాండ్లంటే ఆయనకి భయం కాబట్టి, ఆ కాగితానికి విలువుంది.

"మూడు గోల్స్! మూడూ ఎడమ పక్కనుంచే," అన్నాడు బస్సు డ్రైవరు, ఉలిని బల్ల మీద జర్రున జారుస్తూ. "వాడు డిఫెన్సు ఆడాడా, స్కేటింగ్ చేశాడా?"

"ఆ పక్క గుమ్మానికి తలుపే లేదురా బాబూ," అన్నాడు రిటైరైన పోస్ట్‌మాస్టరు, కలం తీస్తూ. "రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి అన్నట్టుంది. రాస్తున్నా. ఆదివారం ఎడమ బ్యాక్‌ని మార్చాలి. ఏమంటావు మేస్త్రీ?"

వడ్రంగి తల దించుకుని చెక్కకి చిత్రిక పడుతున్నాడు. పది అడిగితే ఒకటి చెప్పే మనిషి, ఆ ఒకటీ కొలిచి కోసినట్టు చెబుతాడు.

అప్పుడొచ్చింది ఆమె. ఎదురు వరసలో బూట్లు బాగుచేసే కొట్టు ఆమెది. టీమ్ బూట్లన్నీ ఆ చేతుల్లోంచే గ్రౌండ్‌కి వెళతాయి. ఎడమ బ్యాక్ ఆమె సొంత తమ్ముడు. బురద ఎండిన బూట్ల జత తెచ్చి, సరాసరి ఉలి పక్కన పెట్టింది.

"స్కేటింగ్ అన్నదెవరు?"

డ్రైవరు పైకప్పు రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"తిరగేసి అడుగున బొడిపెలు చూడండి. పొట్టి స్టడ్లు. ఎండిన గ్రౌండ్‌కి వేసేవి. వాన పడితే పొడుగువి ఉండాలి. ఇవి బిగించింది నేను."

"మరి మిగతావాళ్ళు జారలేదేమ్మా?" అన్నాడు పోస్ట్‌మాస్టరు.

"వాళ్ళకి రెండో జత ఉంది, వాన మొదలవగానే మార్చుకున్నారు. వీడికి ఉన్నవి ఇవే. నిన్నటి నుంచి వాడు ముద్ద ముట్టలేదు. ఇక ఆడనని ఇవి నా కొట్లో పడేసి పోయాడు. తప్పు నాది బాబాయ్ గారూ. నన్ను తిట్టండి, వాణ్ణి తీసెయ్యమని రాయకండి."

పోస్ట్‌మాస్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "వాన సంగతి మేస్త్రీని అడగలేదా?"

వీధంతా అడిగేది అతన్నే. చెక్క మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, లోపలి చెమ్మ చూసి వానెప్పుడో చెబుతాడు. ఇన్నేళ్ళలో తప్పింది లేదు.

ఆమె బూట్లని మళ్ళీ సర్ది పెట్టింది.

"అడగలేదు," అంది.

అది అబద్ధమని ఆ షెడ్డులో ఇద్దరికే తెలుసు. వడ్రంగి చెయ్యి ఆగిపోయింది. నోరు మూసుకుని కూర్చుంటే అతని పేరు నిలుస్తుంది. కానీ ఆ పిల్ల నెత్తిన నింద, ఆ కుర్రాడి కంచంలో మెతుకులు అలాగే ఉండిపోతాయి.

"అడిగింది," అన్నాడు. "నిన్న పొద్దున్న, ఇక్కడే నిలబడి. రాదన్నాను."

"నీ చెయ్యి ఎలా తప్పిందయ్యా?"

"చెయ్యి ఆనించలేదు."

"పోనీ ఆకాశం?"

"అదీ చూడలేదు."

"మరేం చూస్తూ చెప్పావు?" డ్రైవరుకి నవ్వొచ్చింది.

వడ్రంగి నిన్న ఎటు చూశాడో ఇవాళా అటే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె గబుక్కున బూట్ల బురద గోటితో గీకసాగింది.

"ఓహో!" అన్నాడు డ్రైవరు. "సార్, కన్నం డిఫెన్సులో కాదు, షెడ్డులో పడింది!"

పోస్ట్‌మాస్టరు కాగితం చింపేశాడు. ఇంకోటి తీసి రాశాడు: 'ఎడమ బ్యాక్‌కి రెండో జత బూట్లు వెంటనే ఇవ్వవలెను.' మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "పదరా. ఇక్కడ మనం ఆఫ్‌సైడ్."

వాళ్ళు వెళ్ళాక ఆమె తలెత్తకుండానే అంది. "ఏడాది నుంచి రోజూ వానొస్తుందా అని అడుగుతున్నాను. మండుటెండల్లో కూడా అడిగాను. మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"వస్తే మనసులో మాట చెప్పలేదేం?"

"తప్పు చెబుతానేమోనని."

"చెప్పారుగా, మూడు గోల్స్ ఖరీదైన తప్పు!"

అతను నవ్వాడు. చిత్రిక పక్కన పెట్టి అడిగాడు. "అడగలేదని ఎందుకన్నావు?"

"మీ మాట తప్పిందని నలుగురూ నవ్వుతుంటే..." ఆపేసింది. "నాకు బాగోదు. అంతే."

"నా మాట ఇంకోటి ఉంది. అది తప్పదు. మీ ఇంట్లో ఎవర్ని అడగాలి?"

"ఉన్నది తమ్ముడొక్కడే. వాణ్ణే అడగండి."

ఆ తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో అక్క మర్చిపోయిన టిఫిన్ డబ్బాతో. ఎప్పట్నుంచి వింటున్నాడో. వడ్రంగి అతని ఎదుట నిలబడ్డాడు. "నిన్న నువ్వు జారింది నా వల్ల," అన్నాడు. అసలు మాట అడగబోయి ఆమె వంక చూశాడు.

కుర్రాడు అతన్నీ, అక్కనీ మార్చి మార్చి చూశాడు. డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాడు. డబ్బా గిన్నెలే కంచాలుగా మూడు భాగాలు చేసి, పెద్ద భాగం వడ్రంగి వైపు తోశాడు.

కంచానికి చోటు చాల్లేదు. కుర్రాడు ఎడమ చివరి ఉలిని తీసి పక్కన పెట్టబోయాడు. వడ్రంగి అతని చేతిలోంచి తీసుకుని, దాని చోట్లోనే దాన్ని మళ్ళీ పెట్టాడు. తన కంచం ఒళ్ళో పెట్టుకున్నాడు.

కుర్రాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే దాకా ఆమె ముట్టలేదు. తర్వాత ముగ్గురూ తిన్నారు.